టైటిల్ ఎగ్జామినర్ల జీతం రెండు టేబుళ్లలో రెండు రకాలుగా ఎందుకొస్తోంది?

మీరు కలిపినవి వేర్వేరు సర్వేలు. నాగార్జున యూనివర్సిటీ ప్రాజెక్టులో మీ అమెరికా అంకెలకు పొంతన కుదరనిది అందుకే. (టైటిల్ ఎగ్జామినర్ అంటే గుంటూరులో ఆస్తి ఎవరిదో తేల్చడానికి ఈసీ తీయించి లింకు డాక్యుమెంట్లు చూసే పనే, అమెరికాలో దానికి విడిగా వృత్తి కోడ్ ఉంది: 23-2093.)

1. జీతానికి బీఎల్ఎస్ (అమెరికా కార్మిక గణాంకాల సంస్థ) వాళ్ల ఓఈడబ్ల్యూఎస్ అనే సర్వే. యజమానులిచ్చే లెక్క కాబట్టి ఆడా మగా వివరం ఉండదు. మీడియన్ (నడిమి జీతం) కాలమ్ చూడండి, మీన్ (సగటు) వద్దు.

2. ఆడవాళ్ల శాతానికి సీపీఎస్ అనే ఇంకో సర్వేలోని 11వ టేబుల్. ఇది కుటుంబాలను అడిగి రాసేది.

చాలామంది వదిలేసేది ఇక్కడే. ఓఈడబ్ల్యూఎస్‌లో సొంతంగా పనిచేసుకునేవాళ్లు లేరు, 11వ టేబుల్‌లో ఉన్నారు. సీపీఎస్‌లోనే వారపు జీతం చూపే 39వ టేబుల్‌లో మళ్లీ ఫుల్‌టైమ్ జీతగాళ్లే. అంటే ఒక టేబుల్‌లోని మనుషుల సంఖ్యని ఇంకో టేబుల్ జీతంతో గుణిస్తే వచ్చేది తప్పుడు లెక్కే.

3. 39లో గీత కనిపిస్తే సున్నా వేయకండి. 50,000 మంది కంటే తక్కువుంటే అంకె ఇవ్వరు, అంతే.

4. ఓఈడబ్ల్యూఎస్ ఏడాది జీతం అంటే గంట రేటు × 2,080. ఓవర్‌టైమ్ కలవదు.

డాలర్లను రూపాయలు చేసి విజయవాడ జీతాల పక్కన పెట్టిన కాలమ్ మాత్రం తీసేయండి.