పెదవుల వాపు కంద వల్లేనా? ముందు మీ బీపీ మాత్ర పేరు చూడండి

ప్రశ్న: నా వయసు 57. అమలాపురం దగ్గర ఉంటాం. బీపీకి రెండేళ్లుగా రామిప్రిల్ వేసుకుంటున్నాను. కంద బచ్చలి, చేమదుంపల పులుసు అంటే నాకు ప్రాణం. ఈ ఆర్నెల్లలో మూడుసార్లు పెదవులు బాగా వాచాయి. చివరిసారి నాలుక కూడా మందంగా అనిపించింది. ఒకసారి రాత్రి కంద కూర తిన్నాను, తెల్లారి లేచేసరికి వాపు. ఇంకోసారి ముందురోజు పెరట్లో చేమాకులు కోశాను. మూడోసారి ఇవేవీ ముట్టుకోలేదు. మెడికల్ షాపులో సిట్రిజిన్ తెచ్చుకుని వేసుకుంటే రెండు రోజులకు తగ్గుతోంది. కందలో, చేమలో దురద లేని రకాలు ఏవి? మనీప్లాంటు కూడా ఇదే కుటుంబమట, తీసేయాలా? ఇంట్లో మూడేళ్ల మనవడున్నాడు.

జవాబు: కంద రకాల సంగతి చివర్లో చెబుతాను. మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన రామిప్రిల్ గురించి ముందు మాట్లాడుకోవాలి.

కంద, చేమ, మనీప్లాంటు, ఆంథూరియం, మచ్చల ఆకులుండే కుండీ మొక్క డిఫెన్‌బాకియా అన్నీ ఏరేసి కుటుంబానివే. వీటి కణాల్లో కాల్షియం ఆక్సలేట్ సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. సరిగా ఉడకని ముక్క నమిలితే అవి నోట్లో, గొంతులో గుచ్చుకుంటాయి. దురద, మంట నిమిషాల్లో మొదలవుతాయి. రాత్రి తిన్న కూర పొద్దుటిదాకా ఆగి పెదవులు వాచేలా చేయడం అరుదు. చేమాకు కోస్తే దురద పుట్టాల్సింది చేతులకు. పైగా మూడోసారి వీటి జోలికే వెళ్లలేదని మీరే రాశారు.

రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ లాంటి మాత్రలతో కొద్దిమందిలో ఇలాంటి వాపు వస్తుంది. దీన్ని యాంజియోఎడీమా అంటాం. మాత్ర మొదలుపెట్టిన వారంలో రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. అందుకే ‘రెండేళ్లుగా పడిన మందే కదా’ అని ఎవరూ దాన్ని అనుమానించరు. సాధారణంగా దురద, దద్దుర్లు ఉండవు. పెదవులు, నాలుక, ముఖం వాచి, ఒకట్రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఒంట్లో బ్రాడీకైనిన్ అనే పదార్థం పేరుకోవడం వల్ల వచ్చే వాపు ఇది. సిట్రిజిన్ పనిచేసేది ఎలర్జీలో విడుదలయ్యే హిస్టమిన్ అనే వేరే పదార్థం మీద. కాబట్టి మీకు తగ్గించింది ఆ మాత్ర కాకపోవచ్చు, గడిచిన రెండు రోజులే కావచ్చు.

మిమ్మల్ని చూడకుండా ఇదేనని తేల్చి చెప్పలేను. నొప్పి మాత్రలు, నిజమైన ఎలర్జీ, మరికొన్ని అరుదైన కారణాలూ ఉన్నాయి. కానీ నాలుక దాకా వచ్చిందంటే ఇక వాయిదా వేయకూడదు. ఈరోజే మీ డాక్టర్‌ను కలవండి. ఈలోగా తర్వాతి రామిప్రిల్ మాత్ర వేసుకోకముందే ఫోన్లోనైనా అడగండి. బీపీ మందే మొత్తం మానేసి కూర్చోమని నేననడం లేదు. వేరే తరగతి మందుకు మార్చాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు. మార్చిన తర్వాత కూడా కొన్ని వారాలపాటు వాపు మళ్లీ రావచ్చు, కాబట్టి జాగ్రత్తగా ఉండండి. షుగర్‌కు విల్డాగ్లిప్టిన్ లాంటివి వాడుతుంటే అదీ చెప్పండి, రెండూ కలిస్తే ముప్పు ఇంకొంచెం పెరుగుతుంది. విడవని పొడిదగ్గు ఉన్నా చెప్పండి. మాట మారినా, ఉమ్మి మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆ సమయంలో మెడికల్ షాపుకు వెళ్లొద్దు.

ఒక మాట అనక తప్పదు. మూడుసార్లు మూతి వాస్తే మూడుసార్లూ షాపులో చెప్పారు గానీ, బీపీ మందు రాసిన డాక్టర్‌కు ఒక్కసారీ చెప్పలేదు! ఇలాంటివారు వారానికొకరైనా నా దగ్గరికి వస్తారు. షాపతను మీరు అడిగింది ఇస్తాడు. మీరు వేసుకునే మిగతా మాత్రలేమిటో అతనికెలా తెలుస్తుంది? ఈసారి వాచినప్పుడు ఫోటో తీసుకోండి. వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి, ఆయుర్వేదం పొడులతో సహా.

ఇక కంద. కొవ్వూరు నుంచి వచ్చిన గజేంద్ర రకంలో దురద బాగా తక్కువ, మీ వైపు సులువుగానే దొరుకుతుంది. పెరట్లోనో గట్ల మీదో తనంతట మొలిచిన అడవి కంద జోలికి వెళ్లకండి. చింతపండు వేసి మెత్తగా ఉడికించే మన పద్ధతి మంచిదే. డాక్టర్ చూసి వాపుకు కంద కారణం కాదంటే మానాల్సిన పనిలేదు. కిడ్నీలో రాళ్లున్నవారు మాత్రం చేమాకు తగ్గించాలి. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) ఎక్కువుంటే కంద ఎంత తినాలో అడిగి తినండి, అందులో పొటాషియం ఎక్కువ. రామిప్రిల్ కూడా పొటాషియాన్ని పెంచే మందే.

మనీప్లాంటు మనవడికి అందని ఎత్తులో ఉంచితే చాలు. డిఫెన్‌బాకియా ఉంటే మాత్రం ఎవరికైనా ఇచ్చేయండి, దాని కాండం నమిలితే నోరంతా వాస్తుంది. పిల్లాడు ఏ ఆకైనా నమిలితే వేలికి తడిగుడ్డ చుట్టి నోరు తుడిచి, చల్లటి నీళ్లో పాలో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్లు అసలు తాగించొద్దు, రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. మొక్క నుంచి కారే రసం కంట్లో పడితే పావుగంటసేపు ధారగా నీళ్లు పోసి కడిగి కంటి డాక్టర్‌కు చూపించండి. చొంగ ఆగకపోయినా, ఏమీ మింగలేకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్లండి. నమిలిన ఆకును కవర్లో వేసి వెంట తెస్తే ఏ మొక్కో మేం పోల్చుకుంటాం.