ఒక్క హుక్కా కూజా దగ్గర ఆగి చూడండి

సాలార్‌జంగ్ మ్యూజియం రెండుసార్లు తిరిగినా "అన్నీ బాగున్నాయి" అనిపించిందే తప్ప అలంకార కళల చరిత్ర తలకెక్కలేదని, ఎలా చూడాలని అడిగారు. ఈసారి ఒకే రకం వస్తువును మనసులో పెట్టుకుని వెళ్లండి. నేను అలా పట్టుకున్నది బిదరీ పనిని, అంటే నల్లటి లోహంలో వెండి పొదిగే పనిని, అందులోనూ హుక్కాకు అడుగున నీళ్లు పోసే కూజాలను.

చిన్నప్పుడు మేమూ అందరిలాగే గంట కొట్టే వేళకు గడియారం దగ్గరికి పరుగెత్తి, ముసుగు రెబెక్కాను చూసి ఇంటికొచ్చేవాళ్లం. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి బిదరీ గదిలో రెండు కూజాలు చూసి ఆగిపోయాను. ఒకటి గుండ్రంగా కుండలా ఉంది, ఇంకోటి గంట ఆకారంలో అడుగు వెడల్పుగా ఉంది. ఎందుకు తేడా? గుండ్రటిది తనంతట తాను నిలవదు, కింద చుట్టకుదురులాంటిది పెట్టాలి. గంట ఆకారానిది ఎక్కడ పెడితే అక్కడ నిలుస్తుంది. 17వ శతాబ్దంలో గుండ్రటివి ఎక్కువ, 18వ శతాబ్దంలో గంట ఆకారం బాగా వాడుకలోకి వచ్చింది. అంటే ఆ అడుగే మనకు కాలం చెబుతుంది.

పొగాకు కూడా కాలం చెబుతుంది. 1604 ప్రాంతంలో అక్బర్ కొలువులోని అసద్ బేగ్ బీజాపూర్ నుంచి పొగాకు తెచ్చి అక్బర్‌కు చూపించాడు, ఆ ముచ్చట అసద్ బేగే రాసిపెట్టాడు. బిదరీ దక్కన్‌ను ఏలిన బహమనీ సుల్తానుల నాటి కళ అని మనం చెప్పుకుంటాం కదా, వాళ్ల ఏలుబడి అంతకు చాలా ముందే ముగిసింది గనుక హుక్కా కూజా మాత్రం వాళ్ల కాలంది అయ్యే వీల్లేదు. ఇలాంటి చిన్న లెక్క ఒకటి మీకు మీరే వేసుకున్న రోజు చరిత్ర చేతికందినట్టుంటుంది.

ఆ తర్వాత ఈ పనికి పేరిచ్చిన కర్ణాటకలోని బీదర్ వెళ్లాను. మ్యూజియం చూసినవాళ్లు ఆ వస్తువు పుట్టే చోటు కూడా చూసి తీరాలని నా నమ్మకం. ముడి లోహం నల్లగా ఉంటుందనుకున్నాను. కాదు. అది తుత్తునాగంలో (జింకులో) కొద్దిగా రాగి కలిపిన లోహం, బూడిద రంగులో ఉంటుంది. ఆముదం, గుగ్గిలం కలిపిన మన్నుతో అచ్చు చేసి పోత పోస్తారు, ఆకురాయితో సాపు చేస్తారు. గీత కనబడాలని మైలుతుత్తం నీళ్లు రాసి తాత్కాలికంగా నలుపు చేస్తారు. తర్వాత ఉలితో సన్నగా చెక్కి, ఆ గాడిలో వెండి తీగ పెట్టి సుత్తితో తట్టి కూర్చోబెడతారు. మళ్లీ నునుపు చేస్తే అంతా ఒకే రంగు, పువ్వెక్కడుందో కూడా తెలియదు. అప్పుడు వేడి చేసి, నవాసారంతో కలిపిన బీదర్ కోట మట్టి ముద్ద రుద్దుతారు. నా కళ్ల ముందే లోహమంతా నల్లబడి, వెండి తెల్లగా తేలింది. రంగు పూసింది కాదు, ఆ లోహమే అలా మారింది. ఊపిరి బిగబట్టి చూశాను.

అదే రోజు కోటలో రంగీన్ మహల్ చూశాను. బీదర్ సుల్తాను అలీ బరీద్ షా (పాలన 1542–1580) నాటి పని అది, నల్లరాతిలో ముత్యపు చిప్ప ముక్కలు పొదిగారు. నలుపు మీద తెలుపు మెరవాలన్న ఆశ ఆ ఊరిలో రాతి మీదా ఉంది, లోహం మీదా ఉంది. ఏది దేనికి దారి చూపిందో నేను తేల్చి చెప్పను గానీ, ఆ రెంటినీ ఒకే రోజు చూడటం నాకు దక్కిన అదృష్టం.

తిరిగొచ్చి మళ్లీ అదే గదికి వెళితే ప్రతి వస్తువూ కొత్తగా ఉంది. సన్నటి తీగ పని తార్‌కషీ. రేకు కత్తిరించి లోతుగా పొదిగితే తహ్‌నిషాన్. వెండి రేకు పరిచి, మధ్యలో కోసిన చోట్ల నలుపే పువ్వులా కనబడితే ఆఫ్తాబీ. పాన్‌దాన్లు, తాంబూలం ఉమ్మే తమ్మపడిగలు చూస్తుంటే ఇంటికొచ్చిన అతిథికి తాంబూలం ఇచ్చే మర్యాద ఎంత పెద్దదో తెలుస్తుంది. మీర్-ఎ-ఫర్ష్ అని నాలుగు బరువులు ఉంటాయి, నేల మీద పరిచిన బట్ట ఎగిరిపోకుండా మూలల్లో పెట్టేవి. అంతా కింద కూర్చునే ఇల్లు కళ్లకు కడుతుంది వాటిని చూస్తే.

విదేశాల్లో ఉన్నవాళ్లయితే లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలలో బిదరీ ఉంది, వాటి ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. 1851 లండన్ మహా ప్రదర్శనకే బిదరీ వస్తువులు వెళ్లాయి.

సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, అది చూసుకోండి. చిన్న పుస్తకం, పెన్సిల్ పట్టుకెళ్లి ఒక్క కూజానైనా బొమ్మ వేయండి. బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు. నేను వేసిన మొదటి బొమ్మలో మెడ దగ్గర తీగ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో వెతకడానికే ఇరవై నిమిషాలు పట్టింది, ఆ తీగ ఇప్పటికీ నాకు కళ్లు మూసుకున్నా కనబడుతుంది.