చిన్న టెలిస్కోపుతో కొత్త వేరియబుల్ స్టార్ కనిపెట్టగలమా?

కనిపెట్టగలం. వేరియబుల్ స్టార్ అంటే వెలుగు మారుతూ ఉండే నక్షత్రం. మీ ఫొటోల్లో ఒక నక్షత్రం వెలుగు మారుతోంది, అది కొత్తదో కాదో ఎలా తేల్చాలని అడిగారు. నా దృష్టిలో వెలుగు మారుతోందని పట్టుకోవడం ఒక ఎత్తు, ఎందుకు మారుతోందో తేల్చడం మరో ఎత్తు. అసలు పని ఆ రెండోదే.

నేనొక గ్రహశకలాన్ని ఫొటోలు తీస్తుంటే, అదే ఫ్రేములో ఓ మసక నక్షత్రం కొన్ని గంటల్లోనే బాగా తగ్గి మళ్ళీ పెరిగింది. పక్కనున్న నక్షత్రాలూ అలాగే తగ్గి ఉంటే పల్చటి మబ్బు అనుకునేవాణ్ణి. అవి నిలకడగానే ఉన్నాయి. వేరియబుల్ స్టార్ల పరిశీలకుల సంఘం ఏఏవీఎస్ఓ నడిపే వీఎస్ఎక్స్ అనే వేరియబుల్ స్టార్ల జాబితాలో దాని కోఆర్డినేట్లు (ఆకాశంలో దాని స్థానం చెప్పే అంకెలు) వేసి వెతికితే, అప్పటికి అందులో లేదు.

మిగతా రాత్రుల కొలతలు కూడా కలిపి సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే నాలుగు గంటల పీరియడ్ (వెలుగు మార్పు ఒక చుట్టు పూర్తయ్యే సమయం) చూపించింది. చూడగానే ఉబ్బి తగ్గే నక్షత్రమేమో అనిపిస్తుంది. కానీ జంట నక్షత్రాలు ఒకదాన్నొకటి దాదాపు సమానంగా కప్పుకుంటుంటే సాఫ్ట్‌వేర్ తరచూ సగం పీరియడే ఇస్తుంది. అందుకే దాన్ని రెట్టింపు చేసి లైట్ కర్వ్ (సమయంతో వెలుగు ఎలా మారిందో చూపే గీత) మళ్ళీ గీశాను. రెండు పల్లాలు వచ్చాయి, ఒకటి రెండోదానికంటే కాస్త లోతుగా! ఆ చిన్న తేడా చూసినప్పటి సంతోషం ఇప్పటికీ గుర్తుంది. తర్వాత రంగు తెలుసుకోవడానికి బి (నీలం), వి (పసుపు-ఆకుపచ్చ) ఫిల్టర్లు మార్చి మార్చి తీశాను. ఉబ్బి తగ్గే నక్షత్రం వెలుగు పెరిగేటప్పుడు వేడెక్కి నీలం వైపు జరుగుతుంది. దీని రంగు మాత్రం దాదాపు మారలేదు. అంటే ఒకదాన్నొకటి అంటుకుని తిరిగే డబ్ల్యూ ఉర్సే మేజోరిస్ రకం జంట.

కర్వ్ ఆకారం కూడా చాలా చెబుతుంది. 1784లో ఖగోళ పరిశీలకుడు జాన్ గుడ్‌రిక్ గమనించిన డెల్టా సెఫీ అనే ఉబ్బి తగ్గే నక్షత్రం చకచకా పెరిగి నిదానంగా తగ్గుతుంది, మొత్తం సుమారు 5.37 రోజులు. గ్రహణాల వల్ల వెలుగు తగ్గే ఆల్గాల్ అనే జంట నక్షత్రంలో అలా ఉండదు.

ఇప్పుడు గయా, జెడ్‌టీఎఫ్, ఆసాస్-ఎస్ఎన్ లాంటి, ఆకాశాన్ని గాలించే సర్వేలు చాలావాటిని ముందే పట్టేశాయి కాబట్టి మీదీ జాబితాలో ఉండొచ్చు. ఉన్నా వదిలెయ్యకండి. కంప్యూటర్ వేసిన రకం, పీరియడ్ తప్పయ్యే అవకాశం ఉంది, దాన్ని సరిదిద్దడం కూడా విలువైన పనే. టెస్ అంతరిక్ష టెలిస్కోపు డేటా వాడితే జాగ్రత్త: దాని ఒక్కో పిక్సెల్ 21 ఆర్క్‌సెకన్లంత (ఆకాశంలో దూరాల కోణపు కొలత) పెద్దది, పక్క నక్షత్రాల వెలుగు కూడా కలిసిపోతుంది. అసలు మారేది ఏదో మీ ఫొటోల్లోనే చూసి ఖాయం చేసుకోండి.

కొత్తదే అని తేలితే కోఆర్డినేట్లు, వెలుగు హద్దులు, పీరియడ్, రకం, లైట్ కర్వ్ జతచేసి వీఎస్ఎక్స్‌కి పంపండి, అక్కడి మోడరేటర్లు పరిశీలిస్తారు. ముందు మాత్రం ఇంకో రెండు మూడు రాత్రులు, వీలైనంత ఎక్కువసేపు ఆపకుండా తీయండి.