రాజీనామా పంపాను కదా, నా నామినేషన్ ఎందుకు కొట్టేశారు?

ప్రశ్న: సార్, నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్తాను. 2001లో ఉద్యోగంలో చేరాను. పార్లమెంటు గురించి ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి చెప్పి ఒకసారి నేనే అక్కడికి వెళ్ళాలనిపించి 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేశాను. ఇంట్లో ఎవ్వరూ ఒప్పుకోలేదు, మా అత్తగారు నెలరోజులు మాట్లాడలేదు, అయినా పిల్లల దగ్గర చందాలు కూడా తీసుకోకుండా సొంత డబ్బుతో దిగాను. ఏప్రిల్ 22న ప్రిన్సిపాల్‌గారికి రాజీనామా మెయిల్ చేశాను. 26న స్క్రూటినీలో (నామినేషన్ల పరిశీలనలో) ఎవరో అభ్యంతరం చెప్తే నేను ప్రభుత్వ ఉద్యోగినని తిరస్కరించారు. అవమానంతో జూన్‌లో కాలేజీలు తెరిచాక కూడా పోలేదు, పది నెలలవుతోంది. మధ్యలో ఒక మెమో వచ్చింది, జవాబు ఇవ్వలేదు. మాలినీ భట్టాచార్య, రీటా బహుగుణ జోషి లాంటి ప్రొఫెసర్లు ఎంపీలు అయ్యారు కదా, వాళ్ళకు లేని అడ్డు నాకెందుకు? ఆఫీసులో తెలిసినాయన ఏప్రిల్ 24 తేదీతో రాజీనామా ఆమోదించినట్టు ప్రొసీడింగ్స్, అంటే ఆఫీసు ఉత్తర్వు, ఇప్పిస్తానంటున్నాడు, దాంతో హైకోర్టుకు వెళ్ళొచ్చా? నా డిపాజిట్ సంగతేంటి?

జవాబు: మేడమ్, మీరు రాసినదాంట్లో కేసును తేల్చేది ఒక్కటే విషయం, మీ రాజీనామాను ఏప్రిల్ 26కి ముందు ఎవరైనా ఆమోదించారా లేదా. మీరు పంపిన తేదీ రాశారు, ఆమోదించిన తేదీ ఎక్కడా లేదు, ఎందుకంటే ఆమోదమే లేదు. కాబట్టి రిటర్నింగ్ ఆఫీసర్ తప్పు చేశాడని నేను చెప్పలేను.

రాజ్యాంగం 102(1)(ఎ) ప్రకారం కేంద్ర ప్రభుత్వం కిందగానీ రాష్ట్ర ప్రభుత్వం కిందగానీ లాభదాయక పదవిలో, అంటే జీతం లాంటి లాభం వచ్చే పదవిలో, ఉన్నవాళ్ళు ఎంపీగా ఎన్నికవడానికి అనర్హులు. ఆ అనర్హత ఉందా లేదా అని ఏ రోజున చూడాలంటే, ప్రజాప్రాతినిధ్య చట్టం 1951 సెక్షన్ 36 ప్రకారం స్క్రూటినీ పెట్టిన రోజున. నామినేషన్ వేసిన రోజూ కాదు, పోలింగ్ జరిగిన మే 13 అంతకన్నా కాదు. ప్రభుత్వ ఉద్యోగి రాజీనామా పంపగానే ఉద్యోగం పోదు, ఆమోదించే అధికారం ఉన్నవాళ్ళు ఆమోదించినప్పుడే పోతుంది, ఈ మాట సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ కేసులో 1968లోనే చెప్పింది. మీరేమో ప్రిన్సిపాల్‌కి మెయిల్ పెట్టి ఊరుకున్నారు, మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి దాని మీద సంతకం ఎవరిదో ఒకసారి చూడండి, ప్రిన్సిపాల్‌ది ఉండదు.

ఇంకో సాక్ష్యం మీ చేతిలోనే ఉంది, అది మీకు వ్యతిరేకంగా పోతుంది. ఏప్రిల్, మే జీతాలు మీ అకౌంట్లో పడ్డాయా? పడితే మీరు తీసుకున్నారా? 22నే ఉద్యోగం వదిలేశానని చెప్పే మనిషి నెలాఖరుకి జీతం ఎలా తీసుకుంది అని అవతలి లాయర్ అడిగే మొదటి ప్రశ్న అదే. నాకు రాసేముందు బ్యాంకు స్టేట్‌మెంట్ చూసుకుని రాయాల్సింది.

ఇప్పుడు ప్రొఫెసర్ల సంగతి. మాలినీ భట్టాచార్య జాదవ్‌పూర్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు, 1989లో జాదవ్‌పూర్ సీట్లో మమతా బెనర్జీని ఓడించి లోక్‌సభకు వెళ్ళారు. రీటా బహుగుణ జోషి అలహాబాద్ యూనివర్సిటీలో హిస్టరీ ప్రొఫెసర్, ముందు అదే ఊరికి మేయర్ అయి, తర్వాత 2019లో అక్కడి నుంచే ఎంపీ అయ్యారు. మీరు వదిలేసిన ఇంకో పేరు కృష్ణా బోస్, కలకత్తా సిటీ కాలేజీలో దశాబ్దాలు ఇంగ్లిష్ చెప్పి 65 ఏళ్ళ వయసులో 1996లో మొదటిసారి ఎంపీ అయి వరసగా మూడుసార్లు గెలిచారు. వీళ్ళెవరి ఉదాహరణా మీకు పనికిరాదు. యూనివర్సిటీ అంటే దాని సొంత చట్టం కింద పుట్టిన వేరే సంస్థ, అక్కడ ప్రొఫెసర్‌ను ప్రభుత్వం నేరుగా నియమించదు, అందుకని అది "ప్రభుత్వం కింద" పదవి అవుతుందా కాదా అని వాదించడానికి కనీసం చోటుంది. కోర్టులు చూసేవి ఏంటంటే, నియమించేది ఎవరు, తీసేసేది ఎవరు, జీతం ఎక్కణ్ణుంచి వస్తుంది, పనిమీద అదుపు ఎవరిది, ఆ పని ప్రభుత్వం తరఫున చేసేదేనా. బిహారీలాల్ దోబ్రే కేసులో యూపీలో బేసిక్ ఎడ్యుకేషన్ బోర్డు నడిపే స్కూల్లో పనిచేసే అసిస్టెంట్ టీచర్ది కూడా, బోర్డు పేరుకు వేరే సంస్థ అయినా సరే, రాష్ట్ర ప్రభుత్వం కింద లాభదాయక పదవేనని సుప్రీంకోర్టు తేల్చింది. బోర్డు టీచర్‌కే అలా అన్నప్పుడు నేరుగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఉన్న మీకు వాదనే లేదు. ఏ పదవులకు ఈ అనర్హత వర్తించదో చెప్పే 1959 పార్లమెంటు చట్టంలో యూనివర్సిటీ పాలకమండళ్ళైన సెనేట్, సిండికేట్ సభ్యత్వాల లాంటివాటికి మినహాయింపు ఇచ్చారు, క్లాసు చెప్పే లెక్చరర్ కొలువుకి ఇవ్వలేదు. 2023లో మధ్యప్రదేశ్‌లో నిషా బాంగ్రే అనే డిప్యూటీ కలెక్టర్ అసెంబ్లీకి పోటీ చేద్దామని నెలల ముందే రాజీనామా ఇచ్చినా ఆమోదం కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది, చివరికి ఆమోదం వచ్చేసరికి పార్టీ టికెట్ ఇంకొకరికి ఇచ్చేసింది. మీరు నాలుగు రోజుల ముందు మెయిల్ పెట్టారు!

సరే, ఒకవేళ రిటర్నింగ్ ఆఫీసర్‌దే తప్పనుకుందాం. అప్పుడైనా దారి ఒక్కటే, హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్. ఎన్నిక మధ్యలో రిట్ వేసినా నడవదు, రాజ్యాంగం ఆర్టికల్ 329(బి) అడ్డం, పొన్నుస్వామి కేసులో 1952లోనే తేలిపోయింది. నామినేషన్ అన్యాయంగా తిరస్కరించారని రుజువైతే అదే 1951 చట్టం సెక్షన్ 100(1)(సి) కింద గెలిచినాయన ఎన్నికే రద్దవుతుంది, అంత పెద్ద హక్కు అది. కానీ సెక్షన్ 81 ప్రకారం ఫలితం ప్రకటించిన రోజు నుంచి 45 రోజుల్లో వెయ్యాలి. ఫలితాలు జూన్ 4, 2024న వచ్చాయి, జులై 19తో గడువు అయిపోయింది. ఆలస్యం మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద అడుగుదామంటే అది ఎలక్షన్ పిటిషన్‌కి వర్తించదని సుప్రీంకోర్టు హుకుందేవ్ నారాయణ్ యాదవ్ కేసులో చెప్పేసింది. అనారోగ్యం, అవమానం, ఇంట్లో గొడవలు, ఏదీ వినరు. కాబట్టి 2024 ఎన్నిక మీకు ముగిసిపోయింది, దానిమీద ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి.

ఇక్కడ మిమ్మల్ని కోప్పడక తప్పట్లేదు. స్క్రూటినీలో అభ్యంతరం వచ్చినప్పుడు దానికి జవాబు చెప్పుకోవడానికి టైమ్ అడగొచ్చు, సెక్షన్ 36(5) ప్రకారం ఎల్లుండి వరకు ఇవ్వొచ్చు. మీరు అడగలేదు. తిరస్కరణ కారణాలు రాతపూర్వకంగా రాసిన ఆర్డర్ కాపీ తీసుకోలేదు. మెయిల్‌కి అక్నాలెడ్జ్‌మెంట్ లేదు, టపాల్ నంబర్ లేదు. రాజ్యాంగం క్లాసులో చెప్పే మనిషి తన కాగితాల విషయంలో ఇంత అజాగ్రత్తగా ఉంటే ఎలా?

ఇక ఆ ఆఫీసాయన ఇప్పిస్తానన్న పాత తేదీ ప్రొసీడింగ్స్. దాని జోలికి అస్సలు పోకండి, ఫోన్లో కూడా సరే అనకండి. ఆఫీసు ఫైళ్ళలో నంబరు, తేదీ, డెస్పాచ్ రిజిస్టర్ వరస, ఇవన్నీ ఉంటాయి, ఏప్రిల్ 24న లేని కాగితం ఆ రోజు వరసలో ఎక్కడా దూరదు, పైగా మే నెల జీతం మీకు పడి ఉంటే ఆ బిల్లే అది అబద్ధమని చెప్తుంది. అది దొంగ డాక్యుమెంట్ తయారుచేయడం, దాన్ని కోర్టులో అసలుదిగా వాడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 336, 340 కింద మీ మీద కేసు అవుతుంది, ఆయన తప్పుకుంటాడు, మీరు ముద్దాయి. ఉద్యోగంలోంచి డిస్మిస్ చేస్తే పెన్షన్ పోతుంది. అంతేకాదు, ప్రభుత్వ ఉద్యోగం నుంచి డిస్మిస్ అయినవాళ్ళు ఐదేళ్ళలోపు పోటీ చేయాలంటే అవినీతి వల్లగానీ రాజ్యద్రోహం వల్లగానీ కాదని ఎన్నికల కమిషన్ దగ్గర సర్టిఫికెట్ తెచ్చి నామినేషన్‌తో పెట్టాలి. అంత ఖర్చు పెట్టి లాభమేంటి, గడువు అయిపోయిన పిటిషన్‌కి ఆ కాగితం కూడా ప్రాణం పోయదు.

మీకు నిజంగా ప్రమాదం ఉన్నది ఇంకోచోట, దాన్ని మీరు రెండు ముక్కల్లో రాసి వదిలేశారు. అనుమతి లేకుండా ఏడాది దాటి డ్యూటీకి రాకపోతే ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు నిబంధనల్లోని ఫండమెంటల్ రూల్ 18 కింద రాజీనామా చేసినట్టే భావించొచ్చు, దానికి ముందు మీకు అవకాశం ఇవ్వాలి, ఆ అవకాశమే ఆ మెమో. రాజీనామా అంటే పాత సర్వీసంతా పోయినట్టే. మీరు 2001లో చేరారు, అంటే 2004 సెప్టెంబరు 1కి ముందు, పాత పెన్షన్ స్కీమ్‌లో ఉన్నారు. ఇరవై ఏళ్ళ సర్వీసు నిండినవాళ్ళు మూడు నెలల నోటీసిచ్చి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంటే పెన్షన్ వస్తుంది. రాజీనామా చేస్తే రాదు. అది తెలియకుండా 22 ఏళ్ళు దాటిన సర్వీసుని ఒక మెయిల్‌తో వదులుకోబోయారు మేడమ్, ఆ మెయిల్‌ని ఎవరూ ఆమోదించకపోవడం మీ అదృష్టం.

ఆమోదించని రాజీనామాను వెనక్కి తీసుకోవచ్చు. ఈ వారంలోనే నాంపల్లిలోని కాలేజియేట్ ఎడ్యుకేషన్ కమిషనరేట్‌కి ప్రిన్సిపాల్ ద్వారా, దానితోపాటు నేరుగా కూడా, రాజీనామా వెనక్కి తీసుకుంటున్నానని లెటర్ ఇవ్వండి, ఇన్‌వర్డ్ నంబర్, స్టాంపు వేయించుకోండి, ఇంకో కాపీ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మెమోకి జవాబు రాయండి, అందులో అవమానం కథ రాయొద్దు, డ్యూటీలో చేరడానికి సిద్ధమని, గైర్హాజరు కాలాన్ని అర్హత ఉన్న సెలవుగా పరిగణించమని అడగండి, అదే రోజు జాయినింగ్ రిపోర్ట్ ఇవ్వండి, ప్రిన్సిపాల్ తీసుకోకపోతే తీసుకోలేదని మెయిల్ చేసి పెట్టుకోండి. ఉద్యోగంలో ఉండి నామినేషన్ వేసినందుకు కాండక్ట్ రూల్స్ కింద చర్య వచ్చే అవకాశం ఉంది, దాన్ని ఎదుర్కోవాలి, రాజీనామా ఇచ్చానని నమ్మి వేశానని నిజమే చెప్పండి, మీ మెయిల్ ఇక్కడ పనికొస్తుంది, దాన్ని డిలీట్ చేయకండి. కమిషనరేట్ రెండు నెలల్లో పలక్కపోతే అధికారుల చేత పని చేయించమని హైకోర్టులో మాండమస్ రిట్ వెయ్యొచ్చు, తెలంగాణలో ఉద్యోగుల సర్వీసు కేసులకు ఇప్పుడు ట్రిబ్యునల్ లేదు, నేరుగా హైకోర్టే.

డిపాజిట్ 25 వేలు మీకు తిరిగొస్తుంది, పోటీ చేసిన అభ్యర్థుల లిస్టులో మీ పేరు లేదు కాబట్టి అది జప్తు కాదు. రసీదు జత చేసి రిటర్నింగ్ ఆఫీసర్‌కి అప్లికేషన్ పెట్టండి.

పార్లమెంటుకి వెళ్ళాలన్న మీ కోరిక మంచిది, నేను అది వదులుకోమనట్లేదు. రాజ్యాంగం 106వ సవరణతో మూడో వంతు సీట్లు మహిళలకు వస్తాయి, జనాభా లెక్కలు, డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) అయ్యాక, అప్పుడు పాఠం తెలిసినవాళ్ళు అక్కడ ఉండాలి. 2029లో నిలబడాలనుకుంటే 2028లోనే స్వచ్ఛంద విరమణ నోటీసు ఇవ్వండి, ఆలోగా డిపార్ట్‌మెంట్ కేసు ఏదైనా ఉంటే తేల్చుకోండి, పెండింగ్‌లో ఉంటే అనుమతి ఆపేస్తారు. విరమణ ఆర్డరు, రిలీవింగ్ ఆర్డరు రెండూ సర్టిఫైడ్ కాపీలు మూడు సెట్లు దగ్గర పెట్టుకుని, ఆఖరి జీతం ఏ తేదీ వరకు తీసుకున్నారో ఆ సర్టిఫికెట్‌తో సహా, స్క్రూటినీకి మీరే వెళ్ళండి.