నాన్నగారి పాత ఫియట్‌కు అదనపు దీపాలు బిగించవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీ. మా నాన్నగారు కొన్న 1968 నాటి ఫియట్ 1100 డిలైట్ ఇప్పటికీ నా దగ్గర నడుస్తోంది. రిజిస్ట్రేషన్, బీమా చెల్లుబాటులోనే ఉన్నాయి. కిందటి శీతాకాలం కుటుంబంతో అరకు వెళ్లి వస్తుంటే అనంతగిరి ఘాట్‌లో చీకటి, మంచు కలిసి దారి కనిపించక చాలా ఇబ్బంది పడ్డాను. ర్యాలీల్లో (రోడ్డు పందేల్లో) పరుగెత్తిన పాత బ్రిటిష్ మినీ కార్ల ఫొటోల్లో ఉన్నట్లు ముందు బంపర్ మీద రెండు పెద్ద గుండ్రటి లైట్లు బిగించాలని ఉంది. మెకానిక్ ‘ఎవరూ అడగరు’ అంటున్నాడు. యాభై ఏళ్లు దాటింది కాబట్టి వింటేజ్ కారుకు ఈ నిబంధనలేవీ వర్తించవని మా బావగారు అంటున్నారు. ఇది నేరమా? రేపు ఏదైనా జరిగితే బీమా వస్తుందా?

జవాబు: మీ బావగారి మాట ముందు తేల్చేస్తాను. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణతో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ వచ్చిన మాట నిజం. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి, బండి అసలు రూపంలోనే ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ. 20,000, పదేళ్ల గడువు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. అయితే ఆ నంబరు తీసుకున్న కారు రోజువారీ తిరుగుడుకు పనికిరాదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపుకోవడం, మరమ్మతు వంటి పనులకే రోడ్డెక్కాలి. కుటుంబంతో అరకు విహారం అందులో లేదు. పైగా అసలు రూపం చెడకూడదన్న షరతు అక్కడే గట్టిగా ఉంది. కాబట్టి వింటేజ్ నంబరు అదనపు లైట్లకు రక్షణ కాదు, అడ్డంకి. మీకు మామూలు రిజిస్ట్రేషనే మేలు.

ఇక అసలు విషయం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చదవండి. ముందువైపు వెలుగు చూపే ఏ దీపమైనా సరే, అది కారుతో వచ్చినదా, మీరు తరువాత బిగించినదా అన్న తేడా లేకుండా, కాంతి శాశ్వతంగా కిందికి వంగి ఉండాలి, లేదా ఎదుటివారి కోసం డ్రైవరు దాన్ని కిందికి దించే ఏర్పాటు (డిప్) ఉండాలి. దీపానికి 8 మీటర్ల దూరంలో, కుడివైపు అర మీటరు జరిగి, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కళ్లు ఉన్న మనిషికి మిరుమిట్లు గొలపకూడదు. ఆ ఎత్తు ఎవరిదో ఆలోచించండి. ఎదురుగా స్కూటరు మీద వచ్చేవాడి కళ్లు ఇంచుమించు అక్కడే ఉంటాయి. మన రోడ్ల మీద రాత్రిపూట ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరిగేది ఆయనే. ఆ నిబంధన రాసినవారు ఆయనను దృష్టిలో పెట్టుకుని రాశారని నేను నమ్ముతాను.

ఇది కొలవడానికి ఇంజనీరు అక్కర్లేదు. చీకటి పడ్డాక చదునైన చోట కారును ఏదైనా గోడకు ఎదురుగా 8 మీటర్ల దూరంలో నిలపండి. గోడ మీద 1.5 మీటర్ల ఎత్తున సుద్దముక్కతో అడ్డగీత గీయండి. వెనక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టండి, ఎందుకంటే వెనక బరువు పడితే పాత స్ప్రింగులు దిగి కారు ముక్కు పైకి లేస్తుంది. అప్పుడు లైట్లు వేసి చూడండి. వెలుగు ముద్ద ఆ గీతకు బాగా కిందనే ఆగిపోవాలి. గీత దాటి పైకి పాకితే బిగింపు తప్పు.

దీనికి తోడు 111వ నిబంధన ఉంది. స్పాట్ లైటు, సెర్చ్ లైటు వాహనం ముందువైపు పెట్టకూడదు. అసాధారణ పరిస్థితుల్లో రిజిస్టరింగ్ అధికారి ముందస్తు ఆమోదం ఉంటేనే పెట్టాలి. మీరు ఫొటోల్లో చూసిన పెద్ద గుండ్రటి లైట్లలో చాలావరకు దూరానికి సన్నగా, సూటిగా వెలుగు కొట్టే రకం. వాటిని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు స్పాట్ లైటు అంటే కాదని వాదించడం తేలిక కాదు.

న్యాయవాదిగా కాక ఆ ఘాట్‌లో ఎన్నోసార్లు ప్రయాణించిన మనిషిగా కూడా ఒక మాట చెప్పాలి. దూరపు లైటు మంచులో మీకు ఉపయోగపడదు. ఎత్తు నుంచి సూటిగా పడిన కాంతి మంచు తుంపరలకు తగిలి తిరిగి మీ కళ్లలోకే వస్తుంది, ఎదురుగా తెల్ల గోడ కట్టినట్లవుతుంది. మీకు కావలసింది ఫాగ్ లైట్లు. బంపర్ పైన కాదు, కింద బిగించేవి. వాటి వెలుగు వెడల్పుగా పరుచుకుంటుంది, పై అంచు కత్తితో కోసినట్లు ఆగిపోతుంది. రోడ్డు అంచు, పక్కన తెల్లగీత, మలుపులో గోడ కనిపిస్తాయి. 106వ నిబంధన అడిగేది కూడా సరిగ్గా అలాంటి దీపాన్నే. మీ అవసరం, చట్టం రెండూ ఒకే చోట కలుస్తున్నప్పుడు ఇంకో దారి వెతకవద్దు.

ర్యాలీ మినీల సంగతి ఎత్తారు కాబట్టి ఇది కూడా తెలుసుకోండి. 1966 మోంటే కార్లో ర్యాలీలో మొదటి మూడు స్థానాల్లో వచ్చిన మినీ కూపర్లను అనర్హుల్ని చేసింది దీపాల మీదే. వాటి హెడ్‌లైట్లలో ఒకే ఫిలమెంటు ఉన్న బల్బులు వాడారు, వాటికి డిప్ లేదు. డిప్ చేయాలంటే అవి ఆరి అదనపు లైట్లు వెలిగేలా అమర్చారు. నిబంధనల ప్రకారం అది కుదరదని నిర్ణేతలు తేల్చారు. గెలుపు సిట్రోయెన్‌లో వచ్చిన పౌలి తోయివొనెన్‌కు వెళ్లింది. ఆ నిర్ణయం మీద పెద్ద రగడ జరిగింది. డిప్ అంత తీవ్రమైన విషయం.

శిక్ష గురించి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అయితే అదే సెక్షన్ వివరణలో ‘మార్పు’ అంటే వాహనం మౌలిక లక్షణం మారేటట్లు దాని నిర్మాణంలో చేసే మార్పు అని ఉంది. బాడీకి రంధ్రం చేయకుండా, వెల్డింగ్ పెట్టకుండా, రెండు బోల్టులు విప్పితే ఊడివచ్చే బ్రాకెట్ మీద పెట్టిన ఫాగ్ లైట్లు ఆ నిర్వచనంలోకి రావని నేను వాదిస్తాను, ఆ వాదనకు బలం ఉంది. కానీ 2019 సవరణతో అదే చట్టంలోకి వచ్చిన 182ఎ(4) సెక్షన్ మరింత విశాలమైనది. నిబంధనలు అనుమతించని రీతిలో విడిభాగాలు బిగించినా యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి. మీ మెకానిక్ చెప్పినట్లు ఎవరూ అడగకపోవచ్చు. అడిగిన రోజున ఆయన మీ పక్కన ఉండడు.

నాకు అసలు భయం చలాన్ గురించి కాదు. ఘాట్ మలుపులో మీ వెలుగుకు కళ్లు చెదిరి ఒక స్కూటరిస్టు లోయవైపు జారాడనుకోండి. అప్పుడు భారతీయ న్యాయ సంహిత 281 కింద నిర్లక్ష్యపు డ్రైవింగ్, ప్రాణం పోతే 106(1) కింద ఐదేళ్ల వరకు శిక్ష పడే కేసు. మీ కారు ఆయనను తాకకపోయినా సరే, నిబంధనకు విరుద్ధంగా బిగించిన దీపమే మీ నిర్లక్ష్యానికి సాక్ష్యంగా నిలబడుతుంది.

బీమా విషయానికి వస్తే, గాయపడిన మూడో వ్యక్తికి పరిహారం ఇవ్వకుండా తప్పించుకోవడానికి కంపెనీకి చట్టం ఇచ్చిన కారణాలు కొన్నే. అదనపు లైట్లు వాటిలో లేవు. గొడవంతా మీ సొంత కారు నష్టం దగ్గర వస్తుంది. బోనెట్ కింద మంట వచ్చిందంటే నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ మొదట వెతికేది తరువాత లాగిన వైర్లనే. అందుకే లైట్లు బిగించిన వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, ఎలక్ట్రికల్ అమరికల కింద పాలసీలో చేర్పించుకోండి. వాటి విలువ మీద నాలుగు శాతం అదనపు ప్రీమియం. మీ లైట్ల ధరకు అది లెక్కలోకి రాని మొత్తం.

వైరింగ్ గురించి కూడా రాస్తున్నానంటే కారణం ఉంది. 55 వాట్ల బల్బులు రెండు కలిస్తే 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్లకు పైగా లాగుతాయి. ఆ కాలపు డైనమో మంచి వేగంలో ఇచ్చేదే ఇరవై ఆంపియర్లకు అటూ ఇటూ, మంచులో మెల్లగా పోతుంటే ఇంకా తక్కువ. హెడ్‌లైటు స్విచ్చి మీదనే ఆ భారం వేస్తే అది కాలుతుంది. బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగించి ఫ్యూజు, రిలే (స్విచ్చికి బదులు ఆ కరెంటును తానే మోసే పరికరం) పెట్టించండి. మనది సముద్రపు గాలి, ఎర్త్ బోల్టు ఏడాది తిరిగేసరికి పచ్చగా చిలుము పడుతుంది, గ్రీజు పూయించండి. మెకానిక్ దగ్గర వాట్లు, ఫ్యూజు వివరాలు రాసిన బిల్లు తీసుకోండి. క్లెయిమ్ రోజున ఆ కాగితమే పనికొస్తుంది.

కొనకముందే ఆర్టీవో కార్యాలయానికి ఒక అర్జీ పెట్టండి. కారు వివరాలు, దీపం రకం, వాట్లు, నేల నుంచి ఎత్తు, బ్రాకెట్ ఫొటో, మంచు ప్రాంతంలో వాడకానికే అని ఒక వాక్యం జతచేయండి. కార్యాలయం ముద్ర వేయించుకున్న అర్జీ నకలు ఒకటి కారులో ఉంచండి. ఐదేళ్లకోసారి వచ్చే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ తనిఖీకి లైట్లు విప్పి తీసుకెళ్లి మళ్లీ బిగించవద్దు. దాస్తున్నట్లు కనిపించిన దీపాన్ని కోర్టులో నేను కాపాడలేను. బిగించినట్లే తీసుకెళ్లండి, అర్జీ నకలు ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టండి. ఆయన తీసేయమంటే కారణం రాసి ఇవ్వమని మర్యాదగా అడిగి, ఆ కాగితంతో నాకు మళ్లీ రాయండి.