ఇండోనేసియా భార్య పేరు మీద జావాలో పొలం కొనొచ్చా?

ప్రశ్న: సార్ నమస్తే. మాది తెనాలి పక్కన పల్లెటూరు, నాది ఇండియన్ పాస్‌పోర్టే, జాబ్ సురబాయాలో. నా భార్యది మధ్య జావాలో క్లాటెన్ జిల్లా, తను ఇండోనేసియా సిటిజన్, పెళ్లి అక్కడే రిజిస్టర్ అయింది, ఒక పాప. ఊళ్లో మా మామగారి పొలం పక్కనే వరి మడి అమ్మకానికొచ్చింది. డబ్బు నాది, భార్య పేరు మీద కొందామంటే ఫారినర్‌ని చేసుకున్న ఆవిడకి రిజిస్టర్ చెయ్యరని ఎవరో అన్నారు. అత్తగారేమో బావమరిది పేరు మీద కొని లోపల కాగితం రాసుకుందాం అంటున్నారు. పొలానికి సర్టిఫికెట్ లేదు, ఊరి ఆఫీసులో లెటర్ సీ పుస్తకంలో ఎంట్రీ ఉందంతే. ఒక పెద్దాయన ఆ మడిని సగం పాలుకి చేస్తున్నారు. అడ్వాన్స్ అడుగుతున్నారు, ఇచ్చేయనా?

జవాబు: ఇవ్వొద్దండి, ఇప్పుడే ఇవ్వొద్దు. పొలం కొనొద్దని కాదు, మీ ఇంట్లో చెయ్యాల్సిన ఒక కాగితం పని మిగిలి ఉంది, అది అవ్వకుండా రూపాయి కదిలినా తర్వాత ఏడవాల్సి వస్తుంది.

ముందు బావమరిది సంగతి, ఎందుకంటే నాకు భయం వేసింది అక్కడే. ఇండోనేసియాలో భూమికి మూలం 1960 నాటి 5వ నంబర్ చట్టం. పూర్తి యాజమాన్య హక్కుని హక్ మిలిక్ అంటారు, అది ఆ దేశ పౌరులకే. ఫారినర్‌కి నేరుగా గానీ చుట్టు తిప్పి గానీ ఆ హక్కు చేర్చడానికి చేసిన అమ్మకం ఏదైనా చెల్లదని 26వ సెక్షన్ చెప్తుంది, చెల్లకపోవడమే కాదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి అడిగే హక్కు కూడా ఉండదు. అంటే లోపల మీరు రాసుకునే ఆ కాగితం మిమ్మల్ని కాపాడేది కాదు, ఎవరైనా కోర్టులో పెడితే మిమ్మల్నే ముంచేది. కాగితం రాసుకోకపోతే సరే అంటారా, అప్పుడు పొలం నిజంగానే బావమరిదిది. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు, కాదనను, కానీ రేపు ఆయనకి అప్పులైనా, ఏదైనా జరగరానిది జరిగినా ఆ మడి ఆయన భార్యాపిల్లలకి వెళ్తుంది, వాళ్లకి మీ మాటలతో సంబంధం లేదు. అత్తగారికి గౌరవంగానే వద్దని చెప్పండి.

ఇక మీ భార్య పేరు. ఆవిడ పౌరురాలు, ఆవిడ హక్కు ఎక్కడికీ పోలేదు. చిక్కంతా 1974 పెళ్లి చట్టం 35వ సెక్షన్‌తో వచ్చింది, పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తి మొగుడూ పెళ్లాల ఉమ్మడి ఆస్తి. అంటే ఆవిడ ఈ రోజు మడి కొంటే అందులో మీకూ వాటా వచ్చినట్టే లెక్క, మీరేమో ఫారినర్, భూమి చట్టం 21వ సెక్షన్ ప్రకారం పెళ్లి వల్ల అలా కలిసిన హక్కుని ఏడాదిలోపు వదులుకోవాలి, లేకపోతే పోతుంది. అందుకే ఊళ్లో వాళ్లు రిజిస్టర్ చెయ్యరు అన్నది, వాళ్ల మాట తప్పేం కాదు. దీనికి మందు ఆస్తులు విడివిడి అని భార్యాభర్తలు రాసుకునే ఒప్పందం. ఇదివరకు పెళ్లికి ముందో పెళ్లి సమయంలోనో రాసుకోవాలి, తర్వాత వీల్లేదు, దానివల్ల మీలాంటి జంటలు చాలా మంది ఇరుక్కుపోయారు. 2016 అక్టోబర్‌లో అక్కడి రాజ్యాంగ కోర్టు 69 నంబర్ కేసులో పెళ్లి నడుస్తుండగా కూడా రాసుకోవచ్చని చెప్పింది. కాబట్టి నోటరీ దగ్గర రాయించి, మీ పెళ్లి ముస్లిం పద్ధతిలో అయితే కేయూఏ (మత వ్యవహారాల) ఆఫీసులో, కాకపోతే సివిల్ రిజిస్ట్రీలో నమోదు చేయించండి, ఆ నమోదు కాగితం చేతికొచ్చాకే మడి మాట. ఒప్పందం తర్వాత ఆ పొలం పూర్తిగా ఆవిడదే, మీకు అందులో ఏమీ ఉండదు, ఇది మనసుకి ఒప్పుకుంటేనే డబ్బు పెట్టండి. ఒప్పుకోకపోతే మానేయండి, అందులో తప్పేం లేదు.

మామగారి పొలం రేపు వారసత్వంగా ఆవిడకి వస్తే ఈ ఒప్పందం అక్కర్లేదు, వారసత్వం, కానుక పెళ్లి తర్వాత వచ్చినా సొంత ఆస్తే.

ఇప్పుడు లెటర్ సీ. అది ఊరి ఆఫీసులో ఉండే పాత పన్ను పుస్తకం, మన దగ్గర శిస్తు రసీదు చూపించి పొలం నాదే అన్నట్టు ఉంటుంది, పట్టా కాదు. చారిక్‌ని (ఊరి సెక్రటరీ) అడిగి ఆ పేజీ మీ కళ్లతో చూడండి. పైన ఎవరి పేరు ఉందో, పెర్సిల్ (భూమి ముక్క) నంబర్ ఎంతో, భూమి తరగతి ఎస్ అని ఉందా డీ అని ఉందా (ఎస్ అంటే తడి, డీ అంటే మెట్ట), విస్తీర్ణం ఎంతో రాసుకోండి, తర్వాత చివర్లో మార్పులు రాసే గడి చూడండి, ఎప్పుడు, ఎందుకు చేతులు మారిందో అందులో ఉంటుంది. చాలాసార్లు ఆ పేజీ మీద ఇంకా చనిపోయిన తాతగారి పేరే ఉంటుంది, అమ్మేది మాత్రం ఒక్క మనవడు. అలా ఉంటే వారసులందరి సంతకాలు కావాలి, అందులో ఒక అక్క హాంకాంగ్‌లోనో తైవాన్‌లోనో ఇంటిపనికి వెళ్లి ఉంటే ఆవిడ సంతకం కూడా, కాన్సులేట్ ద్వారా పవర్ ఆఫ్ అటార్నీ తెప్పించాలి, ఆవిడ ఒప్పుకుంటుందిలే అన్న మాట వినొద్దు. 2021 నాటి 18వ నంబర్ ప్రభుత్వ నిబంధన ఈ పాత కాగితాలున్న భూముల్ని అయిదేళ్లలో రిజిస్టర్ చేయించుకోమంది, ఆ గడువు 2026 ఫిబ్రవరి 2, ఆ తర్వాత గిరిక్ (పాత పన్ను కాగితం), లెటర్ సీ లాంటివి హక్కుకి రుజువు కావు, ఆచూకీ మాత్రమే. కాబట్టి సర్టిఫికెట్ పని అమ్మేవాళ్లనే ముందు చేయించమనండి, ఊరికి పీటీఎస్‌ఎల్ స్కీమ్ (ప్రభుత్వం ఊరంతా ఒకేసారి భూములు రిజిస్టర్ చేసేది) వచ్చిందేమో లూరా (సర్పంచ్ లాంటాయన) దగ్గర కనుక్కోండి, అందులో అయితే ఖర్చు తక్కువ. ఆ మడి బెంగ్కోక్ భూమి కాదని కూడా తేల్చుకోండి, అది ఊరి ఉద్యోగులకి జీతం బదులు ఇచ్చే ఊరి భూమి, దాన్ని ఎవరూ సొంతంగా అమ్మలేరు.

ఇంకోటి, ఇది చాలామంది చెప్పరు. 1961 నాటి 224వ నిబంధన ప్రకారం వ్యవసాయ భూమి ఉన్న మండలంలోనో దాన్ని ఆనుకున్న పక్క మండలంలోనో యజమాని ఉండాలి, దూరంగా ఉండి పొలం పెట్టుకోకూడదు. మీ ఆవిడ కేటీపీ (గుర్తింపు) కార్డు సురబాయా అడ్రస్‌తో ఉంటే పీపీఏటీ (భూమి దస్తావేజు రాసే అధికారి) దగ్గరే ఆగిపోతుంది. ఆవిడ నిజంగా ఊళ్లో ఉండేలా అయితేనే అడ్రస్ మార్చుకోవాలి, దొంగ అడ్రస్ పెట్టమని నేను చెప్పను. లేకపోతే మామగారే తన సొంత డబ్బుతో కొనుక్కోవడం ఒక దారి, అందులో మీ డబ్బు ఉండకూడదు, మళ్లీ మొదటికొస్తాం. పన్నులు అమ్మేవాళ్లకి 2.5 శాతం, కొనేవాళ్లకి 5 శాతం దాకా, లెక్కలో వేసుకోండి. మడిలో ఇల్లు కట్టే ఆలోచన ఉంటే వదిలేయండి, 2009 చట్టం కింద రక్షిత సాగుభూమి అయితే మార్చనివ్వరు.

పాప విషయం మీరు అడగలేదు గానీ నేను అడుగుతా, పాపకి ఏ పాస్‌పోర్ట్ తీశారు? ఇండోనేసియా 2006 చట్టం ప్రకారం ఇలాంటి పిల్లలు 18 దాకా రెండు పౌరసత్వాలతో ఉండొచ్చు, 21లోపు ఒకటి ఎంచుకోవాలి. మన చట్టం అలా కాదు, ఇండియన్ కాన్సులేట్‌లో పుట్టుక నమోదు చేసేటప్పుడు వేరే దేశం పాస్‌పోర్ట్ లేదని తల్లిదండ్రులు డిక్లరేషన్ ఇవ్వాలి. మీ భార్యకి ఏమైనా అయితే పొలం వారసులకి వస్తుంది, మీ వాటా ఏడాదిలో వదిలేయాలి, పాపకి ఇండోనేసియా పౌరసత్వం ఒక్కటే ఉంటే నిలుపుకోగలదు, లేకపోతే పాపదీ మీ పరిస్థితే. పొలం పాప కోసమే అంటున్నట్టైతే ముందు ఇది తేల్చండి.

చివరిగా ఆ పాలుకి చేసే పెద్దాయన. 1960 నాటి 2వ నంబర్ చట్టం ప్రకారం పొలం చేతులు మారినా ఆయన ఒప్పందం తెగిపోదు, వరి మడికి కనీసం 3 ఏళ్లు, రాతపూర్వకంగా లూరా ముందు ఉండాలి. ఊళ్లలో ఎక్కువగా నోటిమాటే నడుస్తుంది కాబట్టి అమ్మేవాళ్లు "ఆయన్ని లేపేస్తాం" అని తేలిగ్గా అనేస్తారు, అలా అననివ్వకండి. కొనేముందే మీ భార్యతో కలిసి ఆయన ఇంటికి వెళ్లండి, ఎన్నాళ్లుగా చేస్తున్నారో, ఎరువు ఖర్చు ఎవరిదో, పంట ఎలా పంచుకుంటున్నారో అడగండి, ఆయన చేస్తానంటే అవే షరతులతో మీ భార్య పేరుతో లూరా ముందు కొత్తగా రాయించండి, ఒక కాపీ ఆయన చేతికి ఇవ్వండి.