జర్మనీలో నీ మొదటి చలికాలం

చిట్టితల్లికి, గుంటూరు నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

"ఇక్కడ ఎవరూ పలకరించరు పెద్దమ్మా" అని నిన్న నువ్వు ఫోన్‌లో అన్నప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. స్టుట్‌గార్ట్‌లో కాపురం పెట్టిన కొత్తలో నేనూ అమ్మమ్మతో ఇదే మాట అనేదాన్ని.

నువ్వంటే ఇష్టం లేక కాదమ్మా. పిలవనిదే ఒకరి జోలికి వెళ్లకూడదన్నది వాళ్లు పాటించే మర్యాద. మనలాగే వాళ్లకీ 'మీరు', 'నువ్వు' వేరువేరు: 'జీ' అంటే మీరు, 'డూ' అంటే నువ్వు. పెద్దవాళ్లు తమంతట తాము 'డూ' అనమనేదాకా 'జీ' అనే అను. తెలుగుపిల్లవి, ఈ తేడా నీకు ఒకరు నేర్పక్కర్లేదు. మెట్ల మీద ఎవరు ఎదురైనా ముందు నువ్వే 'గూటెన్ టాగ్' చెప్పు. మా పక్కింటావిడ ఆరు నెలలపాటు అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. నాకు జ్వరమొచ్చిన రోజు మాత్రం సూప్ పట్టుకుని తలుపు కొట్టింది.

ఆదివారాలే కష్టం. షాపులు దాదాపు అన్నీ మూసేస్తారు, వీధిలో అలికిడి ఉండదు. పాలు, కూరగాయలు శనివారమే తెచ్చుకో. ఆదివారం మిక్సీ వేయకు. రోజూ రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా కూడా అంతే. ఒకసారి రాత్రి పదిన్నరకి నేను ఇడ్లీపిండి రుబ్బితే కింది ఇంటివాళ్లు తలుపుకి చీటీ అంటించి వెళ్లారు. అవమానంతో ఏడ్చాను. మర్నాడు వెళ్లి తెలియక చేశానని చెబితే నవ్వి ఊరుకున్నారు, మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు. పోపు పెట్టాక ఎంత చలిగా ఉన్నా ఐదు నిమిషాలు కిటికీ బార్లా తెరువు. తేమకి గోడలు బూజు పడితే ఇంటి ఓనరు ఊరుకోడు.

డిసెంబరులో నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది. ఆ చీకట్లో గదిలో ఒక్కదానివే ఫోన్ పట్టుకుని కూర్చోకు. నన్ను బాగా కుంగదీసింది అదే. మధ్యాహ్నం వెలుగుండగానే అరగంట నడిచి రా. ఊరూరా 'ఫోక్స్‌హోఖ్‌షూలే' అని ఉంటుంది, తక్కువ ఫీజుకి భాష, వంట, కుట్టు అన్నీ నేర్పుతారు. నీకు బ్యాడ్మింటన్ వచ్చుగా, దగ్గర్లో ఏ క్లబ్బు ఉందో కనుక్కో. వాటిని 'ఫెరైన్' అంటారు. అక్కడ స్నేహాలు నిదానంగా కుదురుతాయి, వారం వారం కనబడుతూ ఉండాలి.

క్లబ్బులో పేరు ఇచ్చాక నాకు చెప్పు. నీకు సాయంత్రం నాలుగున్నర అంటే మాకు రాత్రి తొమ్మిది. ఆ వేళకి మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ